కుక్కపిల్లకో బాత్రూమ్

లాసన్స్ బే కాలనీలోని ఆ ఫ్లాట్‌లో బాత్రూములు మూడు. ఒకటి జ్యోతిర్మయి, దేవీప్రసాద్ దంపతులది. ఒకటి వచ్చేపోయే చుట్టాలది. వంటింటి పక్కనున్న మూడోది కుక్కపిల్లది. పొద్దున్న ఎనిమిదింటికొచ్చి సాయంత్రం దీపాలు పెట్టేదాకా ఆ ఇంట్లో పనిచేసే సూర్యకాంతమ్మది మాత్రం ఏదీ కాదు. ఈ సంగతి ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు, నోరు తెరిచి చెప్పనూ లేదు. ఇలాంటివి ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసిపోతాయి. అదే వాటిలో ఉన్న సుఖం, చెప్పాల్సిన వాళ్ళకి.

సూర్యకాంతమ్మది జాలరిపేట. పుట్టింది భీమిలి వైపు, మెట్టింది ఇక్కడ. మొగుడు గురువులు పడవేసుకుని వేటకెళ్ళేవాడు. అతను తెచ్చింది తట్టకెత్తుకుని అమ్మడం ఈవిడ పని. పాతికేళ్ళు ఆ తట్ట నెత్తిన పెట్టుకుని పెదవాల్తేరు, ఎంవీపీ కాలనీ సందులన్నీ తిరిగింది. ఏ ఇంట్లో చందువా చేప తప్ప ముట్టరో, ఏ ఇంటావిడ రొయ్యలంటే తప్ప గుమ్మం దిగదో, ఎవరు బేరమాడి చివరికి కొనకుండా లోపలికెళ్ళిపోతారో ఆవిడకి కంఠతా వచ్చు. వాళ్ళకీ ఆవిడ గురించి చాలానే తెలుసు. కానీ ఇన్నేళ్ళలో ఒక్కరికీ ఒక అనుమానం రాలేదు. పొద్దుటినుంచి పొద్దుగూకేదాకా వీధుల్లో తిరిగే ఈ ఆడమనిషి మధ్యలో అవసరమొస్తే ఎక్కడికెళ్తుంది అని.

ఎక్కడికీ వెళ్ళదు. కాపురానికొచ్చిన కొత్తలో అత్త నేర్పిన మొదటి విద్య అదే. తెల్లారకముందు సముద్రపొడ్డుకి, మళ్ళీ చీకటి పడ్డాక సముద్రపొడ్డుకి. ఆ మధ్యంతా ఆపుకోవాలి. ఆపుకోవాలంటే నీళ్ళు తాగకూడదు. కొత్త కోడలు ఒకరోజు బజారులో తట్ట దించేసి, "అత్తా, నానుండనేను" అంటే, అత్త అందరిముందూ తొడ మీద మెలిపెట్టి గిల్లింది.

"ఆడదానికి ఆమాత్రం బిగువుండాల. ఎత్తు తట్ట" అంది.

చదువు బాగా వంటబట్టింది. ఎండకి నాలుక పిడచకట్టుకుపోతున్నా గుక్కెడు నీళ్ళు ముట్టేది కాదు. దాన్ని కష్టమని ఏనాడూ అనుకోలేదు. నేర్పనుకుంది. ఎవరైనా కొత్త కోడలు దారిలో చెట్టు చాటు వెతుక్కుంటూ ఉంటే లోలోపల నవ్వుకునేది కూడా.

తర్వాత్తర్వాత పేటలో ఇంటింటికీ మరుగుదొడ్లొచ్చాయి. అవి వచ్చే వేళకి మోకాళ్ళు పోయాయి. గురువులికి వేట పలచబడింది. అపార్ట్‌మెంట్లకి పెద్ద పెద్ద గేట్లొచ్చి, వాసనొస్తోందని చేపల తట్టని లోపలికి రానివ్వడం మానేశారు. ఫోన్ నొక్కితే ముక్కలు కోసిన చేప ప్యాకెట్లో గుమ్మంలోకొస్తుంటే తట్ట ఎవరిక్కావాలి? ఆఖరికి ఏ గేటు దగ్గర తట్ట దించమన్నారో ఆ గేటులోంచే, స్నానం చేసి, తల్లో పూలు పెట్టుకుని, పనిమనిషిగా లోపలికెళ్ళింది.

జ్యోతిర్మయి ద్వారకా నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌కి పాఠాలు చెబుతుంది. చాలావరకు ఇంట్లోంచే, గది తలుపు వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని. దేవీప్రసాద్‌కి అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బస్సెక్కితే మళ్ళీ రాత్రికే. అతన్ని సూర్యకాంతమ్మ ఆదివారాలు తప్ప చూసింది లేదు. మొదట్లో రెండు పూటలా వచ్చి గిన్నెలు తోమి, ఇల్లు తుడిచి వెళ్ళిపోయేది. మధ్యలో ఇంటికెళ్ళొచ్చే వీలుండేది. అంతలో బన్నీ వచ్చింది.

బన్నీ షిట్జూ జాతి కుక్కపిల్ల. రెండు అరచేతుల్లో పట్టేస్తుంది. ముఖం నిండా జుట్టు, ఆ జుట్టులో ఎక్కడో రెండు కళ్ళు. దాన్ని ఒంటరిగా వదలకూడదన్నారు. అందుకని జీతం పెంచి, సూర్యకాంతమ్మని పగలంతా ఉండిపోమన్నారు. ఆవిడ సంతోషంగానే ఒప్పుకుంది. ఒప్పుకునేటప్పుడు ఒంటి సంగతి గుర్తు రాలేదు.

వచ్చిన రోజే బన్నీ హాల్లో పోసింది. సోఫా కింద పోసింది. దేవుడి గది గుమ్మంలో పోసింది. సూర్యకాంతమ్మ ఒళ్ళు మండి చీపురు తిరగేసింది. జ్యోతిర్మయి పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది.

"కాంతమ్మా, కొట్టకూడదు. గట్టిగా అరవకూడదు కూడా. భయపడితే ఇంకా ఎక్కువ పోస్తుంది."

"ఇల్లంతా పాడు సేసేత్తన్నాదమ్మా."

"దాని తప్పు కాదు. చిన్న జాతి కదా, దాని బ్లాడర్ నిమ్మకాయంత ఉంటుంది. పాపం ఆపుకోలేదు. మనమే కనిపెట్టుకుని ఉండాలి. నిద్ర లేవగానే, తినగానే, ఆడుకోగానే బాత్రూమ్‌కి తీసుకెళ్ళాలి. పోసిందంటే మెచ్చుకుని బిస్కెట్ పెట్టాలి. హాల్లో పోసిందనుకో, ఏమీ అనకుండా తుడిచెయ్యాలి. ఓపిక కావాలి. బలవంతంగా ఆపుకునేలా చేస్తే ఇన్ఫెక్షన్లొస్తాయి, కిడ్నీలు పాడవుతాయి."

అప్పటికి పదకొండవుతోంది. సూర్యకాంతమ్మ పొద్దున్న ఇంట్లో వెళ్ళడమే, మళ్ళీ వెళ్ళలేదు. పొత్తికడుపు రాయిలా ఉంది. చీపురు కింద పెట్టి "అలాగేనమ్మా" అంది.

జ్యోతిర్మయి చెడ్డ మనిషి కాదు. ఆ మాట ఇక్కడే చెప్పేయాలి. చెడ్డవాళ్ళ గురించి అయితే ఇంత కష్టపడి చెప్పక్కర్లేదు, నాలుగు తిట్లతో తేలిపోతుంది. జీతం ఒకటో తారీఖున ఇచ్చేస్తుంది. పండక్కి చీర పెడుతుంది, అదీ తను కట్టి విడిచింది కాదు. టీ కాస్తే తనకెంతో కాంతమ్మకీ అంతే. గ్లాసు వేరనుకోండి, టీ మాత్రం ఒకటే. మోకాళ్ళకి నూనె కూడా తెప్పించి ఇచ్చింది.

అలా మొదలైంది బన్నీ చదువు. సూర్యకాంతమ్మకి తెలిసిన పద్ధతి ఒకటే, పిల్లల్ని పెంచిన పద్ధతి. బాత్రూమ్‌లో పీట వేసుకుని కూర్చుని, కాళ్ళు చాపి, రెండు పాదాల మీద కుక్కపిల్లని కూర్చోబెట్టి "స్స్స్... స్స్స్..." అంది. బన్నీ పాదాల మీంచి జారి బకెట్ వెనక్కి పోయింది. జ్యోతిర్మయి పడీ పడీ నవ్వి, ఫోన్లో వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది. పాదాల మీద కూర్చోబెట్టడం కుక్కకి పనికిరాదని తేలింది గానీ, ఆ చప్పుడు మాత్రం పనికొచ్చింది. తినిపించి, బాత్రూమ్‌లో దింపి, కొళాయి సన్నగా విప్పి, పక్కన నిలబడి "స్స్స్" అంటూ ఉంటే కాసేపటికి అటూ ఇటూ వాసన చూసుకుని మూలకి వెళ్ళి పోసేది.

ఆ కాసేపే నరకం. కొళాయి నీళ్ళ చప్పుడుకీ, తన నోటితో తానే చేసే చప్పుడుకీ ముందు పోయేలా ఉండేది సూర్యకాంతమ్మకే. తొడలు బిగబట్టి, గోడ పట్టుకుని, పళ్ళ మధ్యనుంచి "స్స్స్" అంటూ నిలబడేది. కుక్కపిల్ల తీరుబాటుగా మూడు చుట్లు తిరిగేది. దాని పని అయ్యాక కొంగు ముడిలోంచి బిస్కెట్ తీసి పెట్టి, తల నిమిరి, "నా తల్లే, నా బంగారమే" అని మెచ్చుకోవాలి. జ్యోతిర్మయి అలాగే చెప్పింది. మెచ్చుకునేది. మెచ్చుకుంటూ మెచ్చుకుంటూ దాని మీద నిజంగానే ప్రేమ పుట్టింది, అదో చిత్రం. అత్త తనని గిల్లిన చోటు గుర్తొచ్చినప్పుడు, ఈ బిస్కెట్ల చదువు ఎంత బాగుందో అనుకునేది.

ఎన్నిసార్లు హాల్లో పోసినా ఒక్క మాట అనలేదు. తుడిచింది, మళ్ళీ తీసుకెళ్ళింది. కొన్ని వారాలకి బన్నీ దారిలో పడింది. అవసరమైతే తనే బాత్రూమ్ దగ్గరికి వెళ్తుంది. తలుపు వేసి ఉంటే ముందుకాళ్ళతో గీకి, సన్నగా కూస్తుంది. తెరిచేదాకా ఆపుకుంటుంది. దేవీప్రసాద్ ఓ ఆదివారం అది చూసి "శభాష్" అన్నాడు, కుక్కతో.

ఈలోగా సూర్యకాంతమ్మకి మంట మొదలైంది. తర్వాత చలిజ్వరం. ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసి, "నీళ్ళు బాగా తాగాలి. వచ్చినప్పుడు ఆపుకోకూడదు. ఆపుకుంటే కిడ్నీల దాకా వెళ్తుంది" అంది. ఆ మాటలు విన్నవే. కాకపోతే అప్పుడు కుక్కపిల్ల గురించి విన్నది.

ఇంటికొచ్చి చెబితే గురువులు వల బాగు చేసుకుంటూ తలెత్తలేదు.

"మానెయ్యే ఆ పని" అన్నాడు.

"మానేసి ఏటి తింటాం మావా? నీ వేటకి ఆయిల్ కర్సులే రాట్నేదు."

"అయితే ఆయమ్మకి సెప్పు. ఉన్నదున్నట్టు సెప్పడానికేటి సిగ్గు?"

సూర్యకాంతమ్మ ఆలోచించింది. నిమ్మకాయంత బ్లాడర్ గురించి అంత బాగా తెలిసిన మనిషి, తన బాధ ఒక్క మాటలో పట్టేస్తుంది కదా అనుకుంది. కుక్క మీద అంత ఓపికున్న చోట మనిషి మీద ఇంకెంత ఉంటుందో అనుకుంది. ఆవిడ జీవితంలో చేసిన పెద్ద పొరపాటు ఈ అనుకోవడమే. ఒక దాని మీద చూపించే దయ పక్కదాని మీదికి తనంతట తానే పారుతుందనుకుంది, సముద్రపు మనిషి కదా.

మర్నాడు జ్యోతిర్మయి పాఠం ముగించి బయటికొచ్చినప్పుడు చెప్పింది. డాక్టరమ్మ అన్నది కూడా చెప్పింది.

జ్యోతిర్మయి నిజంగానే కంగారుపడింది. "అయ్యో, ముందే చెప్పొద్దా? కింద సెల్లార్లో మీకోసం బాత్రూమ్ ఉంది కదా?"

"ఉన్నాదమ్మా. దానికి తాళం."

అది నిజం. ఎప్పుడో వాచ్‌మన్ సింహాద్రిని అడిగింది. "అప్పా, అసోసియేషన్ ప్రెసిడెంట్ గారు పెయింట్ డబ్బాలెట్టించీసినారు. తాళం ఆరికాడే ఉన్నాది. నానే ఆ ఖాళీ సైట్లోకి ఎల్లొత్తన్నాను" అన్నాడు. మగవాడు గనక ఖాళీ సైట్లోకి వెళ్ళొస్తున్నాడు.

"ఇవాళే అసోసియేషన్ గ్రూపులో పెడతాను" అంది జ్యోతిర్మయి. పెట్టింది కూడా, చూపించింది. కింద నలుగురైదుగురు బొటనవేళ్ళు ఎత్తారు. తాళం మాత్రం దిగలేదు.

సూర్యకాంతమ్మ ఇంకొంచెం ధైర్యం చేసింది. "మరందాకా, ఆ సిన్న బాత్రూమ్‌లోకి ఎల్లొచ్చేత్తానమ్మా. కడిగీసే వత్తాను."

జ్యోతిర్మయి వెంటనే కాదనలేదు. కాదనడానికి మంచి కారణం వెతుక్కుంది, దొరికింది.

"అది బన్నీది కదా కాంతమ్మా. వాసన పట్టే కదా అది వెళ్ళేది. వేరే వాసన తగిలితే దానికి కన్‌ఫ్యూజన్ వచ్చేస్తుంది. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది, ఇంత కష్టపడ్డావు, పాడుచేసుకోవడం ఎందుకు?"

అంత మెత్తగా చెప్పింది. విన్న వెంటనే అది కాదనడమని కూడా సూర్యకాంతమ్మకి తెలియలేదు. గిన్నెలు సగం తోమాక తెలిసింది. అప్పుడొచ్చిన సిగ్గు అంతా ఇంతా కాదు. అడగకుండా ఉన్నన్నాళ్ళూ కనీసం అడిగితే ఇస్తారేమో అన్న ఆశైనా ఉండేది.

డాక్టరమ్మ నీళ్ళు తాగమంది కదా. తాగితే ఆగదు, తాగకపోతే మంట. కొన్నాళ్ళకి ఆవిడ దొంగతనానికి దిగింది. దాన్ని ఆవిడ ఆ మాటతోనే తలుచుకునేది, వేరే మాట దొరకలేదు. జ్యోతిర్మయి పాఠంలో ఉన్నప్పుడు, బన్నీ నిద్రపోతున్నప్పుడు, చప్పుడు కాకుండా చిన్న బాత్రూమ్‌లో దూరి, గబగబా కానిచ్చి, బకెట్ నీళ్ళు కుమ్మరించి, ఫినాయిల్ వేసి కడిగి వచ్చేసేది. ఒంట్లో సుఖంగా ఉండేది. గుండెలో మాత్రం దడ.

ఒక మధ్యాహ్నం బన్నీ నిద్ర లేచింది. నేర్పినట్టే లేవగానే బాత్రూమ్ దగ్గరికి నడిచింది. తలుపు వేసి ఉంది. నేర్పినట్టే గీకింది, సన్నగా కూసింది. లోపలున్న మనిషి కదల్లేదు. బన్నీ హాల్లో పోయొచ్చు, పోయలేదు. బుద్ధిగా ఆపుకుంది. ఆపుకుంటూ మరింత గట్టిగా గీకింది, ఇల్లెగిరిపోయేలా అరిచింది.

"బన్నీ, ఏమైందమ్మా? కాంతమ్మా, ఎక్కడున్నావు?" అంటూ జ్యోతిర్మయి వచ్చేసింది.

సూర్యకాంతమ్మ చీర సర్దుకుని తలుపు తీసింది. బన్నీ ఆవిడ కాళ్ళ మధ్యనుంచి లోపలికి దూరి, మూలకెళ్ళి పోసింది. పోసి వచ్చి, బిస్కెట్ కోసం ఆవిడ మొహంలోకే చూసింది. ఆ ఇద్దరాడవాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

జ్యోతిర్మయి అరవలేదు. ఆ ఇంట్లో అరిచే అలవాటు లేదు. మర్నాడు చిన్న బాత్రూమ్‌కి తాళం వేసి ఉంది. బాల్కనీలో ప్లాస్టిక్ గడ్డి పరిచిన ట్రే ఒకటి కొత్తగా వచ్చింది.

"బన్నీని చూసే వెట్ డాక్టర్ని అడిగాను కాంతమ్మా," అంది జ్యోతిర్మయి, ఫోన్ వైపు చూస్తూ. "నీకు ఇన్ఫెక్షన్ అన్నావు కదా. చిన్నపిల్ల, దానికి తట్టుకునే శక్తి తక్కువట. ఎందుకొచ్చిన రిస్క్? ఇకనుంచి దీన్ని బాల్కనీకి అలవాటు చెయ్యి. మొదట్లో కాస్త ఓపిక పట్టాలంతే."

సూర్యకాంతమ్మకి చెంప మీద కొట్టినట్టయింది. కుక్క పోసింది ఇన్నాళ్ళు చేత్తో ఎత్తిన మనిషి వల్ల కుక్కకి జబ్బు వస్తుందట. పని అక్కడే వదిలేసి గేటు దాటెయ్యాలనిపించింది. దాటితే మోకాళ్ళు తట్ట మొయ్యవు, గురువులు పడవ నెలలో సగం రోజులు ఒడ్డునే ఉంటోంది. "అలాగేనమ్మా" అనే అంది. మళ్ళీ నీళ్ళు మానేసింది. పాత విద్యే కదా, మర్చిపోయేది కాదు అనుకుంది. కానీ పాతికేళ్ళ కిందటి ఒళ్ళు కాదది. జబ్బు పడిన ఒంటికి బిగువు పోయింది. గుక్కెడు టీ తాగినా నిలవడం లేదు.

బన్నీ బాల్కనీకి వెళ్ళేది కాదు. తాళం వేసిన తలుపు దగ్గరే కూర్చుని గీకేది. ఎత్తుకెళ్ళి ట్రేలో దింపి, నిలబడి "స్స్స్" అనేది సూర్యకాంతమ్మ. కుక్కపిల్ల ప్లాస్టిక్ గడ్డి వాసన చూసి తిరిగొచ్చేది. మళ్ళీ దింపేది. ఎదురుగా మేడల సందులోంచి సముద్రం ముక్క కనిపించేది. దాని ఒడ్డునే తన పేట, తన ఇల్లు, ఆ ఇంట్లో తనకంటూ ఒక తలుపూ గడియా. నడిస్తే పావుగంట. కుక్కని ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు.

ఆ రోజు శుక్రవారం. జ్యోతిర్మయి గదిలో పాఠం చెబుతోంది. సూర్యకాంతమ్మ హాలు తుడుస్తోంది. పొద్దుటినుంచే కడుపులో సూదులు గుచ్చుతున్నాయి. బకెట్ ఎత్తడానికి వంగింది. అంతే. ఆపుదామనుకునే వ్యవధి కూడా దొరకలేదు. కాళ్ళ వెంట వెచ్చగా జారి, తెల్లటి టైల్స్ మీద పరుచుకుంది. ఏభై దాటిన మనిషి, మనవలున్న మనిషి, పరాయివాళ్ళ హాలు మధ్యలో నిలబడిపోయింది. చచ్చిపోయినా బాగుండేది అనుకుంది. నిజంగానే అనుకుంది.

బన్నీ సోఫా కిందనుంచి వచ్చి ఆ తడి వాసన చూస్తోంది. అప్పుడే గది తలుపు తెరుచుకుంది.

జ్యోతిర్మయి తడి చూసింది, పక్కనే కుక్కపిల్లని చూసింది. సూర్యకాంతమ్మ చీర కుచ్చెళ్ళు ఇల్లు తుడిచేటప్పుడు ఎప్పుడూ తడిసే ఉంటాయి, వాటి వైపు చూడలేదు.

"అయ్యో, బన్నీ పోసేసిందా?"

సూర్యకాంతమ్మ కుక్కపిల్ల వైపు చూసింది. కాదనడానికి ఒక్క క్షణం టైముంది. ఆ క్షణం గడిచిపోయింది.

"అవునమ్మా. బన్నీయే" అంది.

తిడుతుందేమో, కుక్కకి తన మూలంగా దెబ్బ పడుతుందేమో అని భయపడింది. జ్యోతిర్మయి హెడ్‌ఫోన్లు తీసి సోఫా మీద పడేసి, ఆ తడి పక్కనే నేల మీద చతికిలబడింది. బన్నీని ఒళ్ళోకి తీసుకుని గుండెకి హత్తుకుంది.

"ఆపుకోలేకపోయావా నాన్నా? అయ్యో, పోనీలే. ఏం పర్లేదు, ఏం పర్లేదు. నీ తప్పు కాదమ్మా. మేమే తలుపుకి తాళం వేసేశాం. పాపం, ఎంత బాధపడ్డావో ఏమో."

ఆవిడ కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. లేచి, కుక్కని చంకనెత్తుకునే వెళ్ళి, తాళంచెవి తెచ్చి చిన్న బాత్రూమ్ తలుపు తీసింది. బన్నీని లోపల దింపి, తల నిమిరి వెనక్కి తిరిగింది.

"దాన్నేమీ అనకు కాంతమ్మా. నోరులేని జీవం. మనిషైతే నోరు తెరిచి అడిగి ఉండేది కదా" అంది.

అడిగానమ్మా, ఇక్కడే నిలబడి అడిగాను, అన్న మాట సూర్యకాంతమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే కింద ఉన్న తడి ఎవరిదో కూడా చెప్పాల్సొస్తుంది.

"అవునమ్మా" అని, మోకాళ్ళ మీద కూర్చుని తుడవడం మొదలుపెట్టింది.